డాలస్ అపార్ట్‌మెంట్‌లో వాటా కొనమంటున్నారా? ముందు అప్పు కాగితం చూడండి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. తెనాలి దగ్గర పొలం అమ్మితే నా వాటాకి 62 లక్షలు వచ్చాయి. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి అక్కడ 200 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సిండికేషన్‌లో 50 వేల డాలర్లు పెడితే ఏటా 8 శాతం వస్తుందని, ఐదేళ్లలో డబ్బు దాదాపు రెట్టింపవుతుందని చెబుతున్నాడు. ‘నువ్వు పంపు నాన్నా, నా పేరు మీద పెడతాను, మనం చేసే పనేమీ ఉండదు’ అంటున్నాడు. ఇక్కడ 60 లక్షల ఫ్లాట్ మీద నెలకి 14 వేల అద్దె కూడా దాటడం లేదు. పంపమంటారా?

జవాబు: మీ ఫ్లాట్ లెక్క ముందు చూద్దాం. నెలకి 14 వేలంటే ఏడాదికి 1.68 లక్షలు, అంటే 2.8 శాతం. ఇంటి పన్ను, మరమ్మతులు పోతే ఇంకా తక్కువ. దాని పక్కన 8 శాతం పెట్టి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మీ అబ్బాయి చెబుతున్న సిండికేషన్ మోసమేమీ కాదు, అమెరికాలో బాగా నడిచే పద్ధతే. పదిమంది డబ్బు వేసుకుని నరసరావుపేట రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ కొని, నడిపే బాధ్యత ఒకరికి అప్పగించినట్టే ఇదీ. నడిపేవాళ్లని స్పాన్సర్ అంటారు. మిగతావాళ్లు డబ్బు పెట్టి కూర్చుంటారు.

‘మనం చేసే పనేమీ ఉండదు’ అన్నాడు చూశారా, మెలిక అక్కడే ఉంది. సంతకం పెట్టాక నిజంగానే చేయడానికి ఏమీ ఉండదు. అద్దె పెంచాలా, ఎప్పుడు అమ్మాలి, అప్పు మార్చుకోవాలా వద్దా, ఏ నిర్ణయంలోనూ మీకు మాట ఉండదు. మధ్యలో డబ్బు కావాలన్నా సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల దాకా బయటికి రాదు. కాబట్టి చూసుకోవాల్సిందంతా సంతకానికి ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఆ బిల్డింగ్ మీద ఉన్న అప్పు గురించి. ఉదాహరణకి బిల్డింగ్ ధర 2 కోట్ల డాలర్లు అనుకోండి. కోటిన్నర అప్పు, 50 లక్షలు మీలాంటివాళ్ల డబ్బు. ఖర్చులు పోగా అద్దెల మీద ఏటా 9 లక్షల డాలర్లు మిగులుతుందనుకుందాం. వడ్డీ 3.5 శాతం ఉంటే 5.25 లక్షలు వడ్డీకి పోయి 3.75 లక్షలు మిగులుతుంది. 50 లక్షల మీద 7.5 శాతం, బాగానే ఉంది. అదే వడ్డీ 7.5 శాతానికి ఎక్కితే కట్టాల్సింది 11.25 లక్షలు. వచ్చేది 9 లక్షలే. పంచడానికి మిగలకపోగా 2.25 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. బిల్డింగ్ అదే, అద్దెలూ అవే!

ఇది ఊహ కాదు. 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ రేటు 2023 జూలై నాటికి 5.25-5.50 శాతానికి చేరింది. మారే వడ్డీకి అప్పు తెచ్చి కొన్నవాళ్లు చాలామంది ఇరుక్కుపోయారు. 2023లో హ్యూస్టన్‌లో ఒకే స్పాన్సర్ చేతిలోని 3 వేలకు పైగా ఫ్లాట్లని అప్పిచ్చిన సంస్థ జప్తు చేయించి వేలం వేయించింది. అలాంటప్పుడు ముందుగా పోయేది పెట్టుబడిదారుల డబ్బే. జప్తు దాకా రాకపోయినా ‘ఇంకొంచెం డబ్బు వేయండి’ అని కబురు రావచ్చు. దాన్ని క్యాపిటల్ కాల్ అంటారు.

కాబట్టి మీ అబ్బాయిని ఇవి అడగమనండి: వడ్డీ స్థిరమా, మారేదా? మారేదైతే వడ్డీ ఇంత దాటకుండా డబ్బు కట్టి పైకి హద్దు కొన్నారా, ఆ హద్దు ఎన్నాళ్లు? అప్పు గడువు ఎప్పుడు తీరుతుంది? బిల్డింగ్ ఐదేళ్లకి అమ్ముతామని చెబుతూ మూడేళ్ల అప్పు తెస్తే నేనైతే అక్కడితో ఆగిపోతాను. ఇక ఆ 8 శాతం గ్యారంటీ వడ్డీ కాదు. డబ్బు మిగిలితే స్పాన్సర్ లాభంలో వాటా తీసుకునే ముందు మీకు ఇవ్వాల్సిన వరస అది, అంతే. మిగలకపోతే బాకీగా రాసుకుంటారు. కొన్నప్పుడే బిల్డింగ్ ధర మీద 1 నుంచి 3 శాతం దాకా స్పాన్సర్ ఫీజు మాత్రం లాభం వచ్చినా రాకపోయినా పోతుంది.

ఇప్పుడు మీ సంగతి. 50 వేల డాలర్లంటే మన డబ్బులో 40 లక్షల పైమాటే. మీరు ఇక్కడి నుంచి పంపితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 42 లక్షలు పంపితే 6.4 లక్షలు. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చిక్కుకున్నట్టే. అదీగాక అబ్బాయికి గిఫ్ట్‌గా పంపాక కాగితం మీద అది అతని డబ్బు. మీ పేరు మీదే పెడదామంటే అమెరికాలో పన్ను రిటర్న్, ఇక్కడి రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు. ఈ వయసులో ఆ తలనొప్పి ఎందుకు?

నా మాట సూటిగా చెబుతాను. మీరు పంపకండి. మీ అబ్బాయికి ఇష్టమైతే తన సంపాదనలోంచి, పోయినా ఇల్లు గడిచే మొత్తం పెట్టుకోమనండి. అది కూడా తనకి అర్హత ఉంటేనే. బాహాటంగా ప్రకటించే డీల్స్ చాలావాటిలో గుర్తింపు పొందిన ఇన్వెస్టర్లనే తీసుకుంటారు: రెండేళ్లుగా ఏటా 2 లక్షల డాలర్లకు పైగా ఆదాయం, భార్యాభర్తలకి కలిపి అయితే 3 లక్షలు, లేదా ఉంటున్న ఇల్లు కాకుండా 10 లక్షల డాలర్ల ఆస్తి.

అద్దె ఆదాయం మీద మీకు మనసుంటే ఇక్కడ రీట్స్ ఉన్నాయి, అంటే చాలామంది డబ్బుతో పెద్ద భవనాలు పెట్టుకుని అద్దె పంచే ట్రస్టులు, వాటి యూనిట్లు షేర్లలా కొనొచ్చు. ఎంబసీ, మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్ లాంటివి ఆఫీసులు, నెక్సస్ మాల్స్. ఇళ్ల అద్దె శాతం ఎంత తక్కువో మీ ఫ్లాటే చెబుతోంది కాబట్టి ఇక్కడ రీట్స్ ఇళ్ల జోలికి పోలేదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం పంచదగ్గ నగదులో కనీసం 90 శాతం పంచాలి, అప్పు ఆస్తుల విలువలో 49 శాతం దాటకూడదు. డీమ్యాట్ ఖాతాలో ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు, మార్కెట్ ఉన్న రోజు అమ్మొచ్చు. ధర మాత్రం పైకీ కిందికీ ఊగుతుంది. అందుకని మొదట 5 లక్షలతో మొదలుపెట్టి ఏడాది చూడండి. మిగతాది రెండేళ్ల ఖర్చులు, ఆసుపత్రి అవసరం తీసి పక్కన పెట్టి, ఎఫ్‌డీల్లో విడివిడి గడువులకి వేయండి.

ఇంకో మాట. పొలం డబ్బు చేతికొచ్చిందని తెలిస్తే ‘నెలనెలా గ్యారంటీ అద్దె’ అంటూ మంగళగిరి, తాడేపల్లి వైపు ప్రీలాంచ్ ఫ్లాట్ల వాళ్లు కూడా వస్తారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అది లేకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. అగ్రిగోల్డ్‌లో కట్టినవాళ్లు మీ వీధిలోనూ ఉండే ఉంటారు, వాళ్లనొకసారి అడగండి. డాలస్ డీల్ అప్పు కాగితాలు అబ్బాయి తెప్పిస్తే నాకు పంపండి, వడ్డీ, గడువు, హద్దు చూసి మళ్లీ రాస్తాను.