పాఠకుల ప్రశ్నలు: రోజున్నర గాల్లో ఉండే నిఘా డ్రోన్ ఎవరిది?

హైదరాబాద్‌లో తయారయ్యే దృష్టి–10 డ్రోన్ మనదా, ఇజ్రాయెల్‌దా? 70 శాతం స్వదేశీ అని చదివాను. ఆ శాతానికి అర్థం ఏమిటి?
— ఒక పాఠకుడు, నల్గొండ

మూల డిజైన్ ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సిస్టమ్స్‌ది. అక్కడ దాని పేరు హెర్మెస్ 900. హైదరాబాద్‌లో అదానీ, ఎల్బిట్ ఉమ్మడి ప్లాంటు 2018 డిసెంబరులో మొదలైంది. నౌకాదళానికి వెళ్లే మొదటి దృష్టి–10ని 2024 జనవరి 10న అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్ హైదరాబాద్‌లోనే జెండా ఊపి పంపించారు. అది పోర్‌బందర్ చేరింది. ఆ ఏడాదే సైన్యానికీ ఇవ్వడం మొదలైంది.

ఇక శాతం సంగతి. మన రక్షణ కొనుగోళ్లలో స్వదేశీ వాటాను ఖర్చు లెక్కన చూస్తారు. రెక్కలు, బాడీ, వైరింగ్, అసెంబ్లీ కూలీ అన్నీ ఇక్కడివైతే శాతం బాగానే పెరుగుతుంది. డ్రోన్ మీద మన మాట ఎంతవరకు చెల్లుతుందో మాత్రం ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే ఒక చిన్న పని ఊహించండి. పొట్ట కింద ఉన్న రాడార్ తీసేసి బెంగళూరులో చేసిన రాడార్ పెట్టాలనుకున్నాం. బరువు 6 కిలోలు పెరిగింది, గరిమనాభి 2 సెంటీమీటర్లు ముందుకు జరిగింది, కరెంటు అవసరం 300 వాట్లు ఎక్కువైంది. ఇప్పుడు ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు మార్చాలి, ఆల్టర్నేటర్ మీద భారం మళ్లీ లెక్కగట్టాలి, కొత్త యాంటెన్నా పాత ఉపగ్రహ లింకును చెడగొడుతుందో లేదో కొలవాలి, సైనిక విమానాలకు ఎగిరే యోగ్యత అనుమతి ఇచ్చే సెమిలాక్ ముందు కొత్త ఫైలు పెట్టాలి. ఈ నాలుగు పనులకూ డిజైన్ డేటా కావాలి. ఆ డేటా మన చేతిలో ఉంటే డ్రోన్ మనది. లేకపోతే 6 కిలోల తేడా ఉన్న రాడార్ పెట్టుకోవడానికీ అసలు కంపెనీకి ఉత్తరం రాసి, వాళ్లు చెప్పిన ధర చెల్లించి, వాళ్లు ఇచ్చిన గడువు దాకా కూర్చోవాలి.

అందుకే ఇలాంటి ఒప్పందం వార్త చూసినప్పుడు శాతాన్ని పక్కన పెట్టి, డిజైన్ అధికారం ఎవరిదో, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుందో వెతకండి.

దృష్టి–10 డ్రోన్ 36 గంటలు ఎగురుతుంది, 450 కిలోలు మోస్తుంది అంటారు. 115 హార్స్‌పవర్ ఇంజిన్‌తో అది ఎలా సాధ్యం?
— బి.టెక్ విద్యార్థిని, కాకినాడ

కాగితం తీసుకోండి, లెక్క కట్టేద్దాం. హెర్మెస్ 900 తరగతి డ్రోన్ బరువు సుమారు 1,200 కిలోలు అనుకుందాం. పొడవాటి సన్నని రెక్క కాబట్టి లిఫ్ట్‌కూ (పైకెత్తే బలం) డ్రాగ్‌కూ (వెనక్కి లాగే గాలి నిరోధం) నిష్పత్తి 22 వేసుకోవచ్చు. 1,200ని 22తో భాగిస్తే దాదాపు 55 కిలోల డ్రాగ్, అంటే 535 న్యూటన్లు. సెకనుకు 30 మీటర్ల వేగంతో చక్కర్లు కొడితే కావలసింది 16 కిలోవాట్లు. ప్రొపెల్లర్ అందులో కొంత తింటుంది. సామర్థ్యం 75 శాతం అనుకుంటే ఇంజిన్ 21 కిలోవాట్లు ఇవ్వాలి. కెమెరా, రాడార్, ఉపగ్రహ లింకుకు ఇంకో 5 కలపండి. మొత్తం 26. దాని ఇంజిన్ రోటాక్స్ 914 పూర్తి శక్తి దాదాపు 85 కిలోవాట్లు. గాల్లోకి లేచి ఎత్తుకు ఎక్కడానికే అదంతా కావాలి, పైన తిరిగేటప్పుడు మూడో వంతు చాలు.

ఈ రకం పిస్టన్ ఇంజిన్ ఒక కిలోవాట్ గంటకు సుమారు 0.29 కిలోల పెట్రోలు తాగుతుంది. గంటకు ఏడున్నర కిలోలు, రిజర్వు కలిపి 8 అనుకోండి. 36 గంటలకు 290 కిలోలు. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి అసలు అంకె ఇంకా కాస్త తక్కువే ఉంటుంది.

ఈ లెక్కలో గుర్తుంచుకోవలసింది ఆ 8. టేకాఫ్ బరువు పరిమితి ఒక్కటే, ఇంధనమూ సరుకూ దాన్నే పంచుకోవాలి. అదనంగా ఎక్కించిన ప్రతి 8 కిలోలకూ ఒక గంట పోతుంది. బ్రోషర్‌లో 36 గంటలు, 450 కిలోలు పక్కపక్కన అచ్చువేస్తారు గానీ ఒకే ఫ్లైట్‌లో రెండూ రావు. ఎక్కడెక్కడ ఏమి మోయాలో తేల్చకుండా గంటలు మాత్రమే రాసుకున్న ఒప్పందం కొనేవాళ్లకే నష్టం.

ఇంకొక సంగతి. క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థ ఎంటీసీఆర్‌లో 500 కిలోల సరుకును 300 కిలోమీటర్లు మోసుకెళ్లగలిగేదంతా మొదటి వర్గం, దాని ఎగుమతి చాలా కష్టం. 450 అంటే ఆ గీతకు లోపలే. భారత్ 2016 జూన్‌లో ఈ వ్యవస్థలో సభ్యురాలైంది.

జర్మనీ యూరో హాక్ డ్రోన్‌ను చేతికొచ్చాక ఎందుకు వదిలేసింది? టెక్నాలజీ పనిచేయలేదా?
— విశ్రాంత వైమానిక దళ ఉద్యోగి, విశాఖపట్నం

పనిచేసింది. బాధ కలిగించేది అదే. 2007లో ఒప్పందం కుదిరింది. అమెరికా నార్త్రప్ గ్రమ్మన్ గ్లోబల్ హాక్ విమానాన్ని ఇస్తుంది, యూరప్ ఈఏడీఎస్ (ఇప్పటి ఎయిర్‌బస్) అందులో సిగ్నల్స్ వినే ఐసిస్ అనే వ్యవస్థను పెడుతుంది. ఇద్దరికీ సగం సగం వాటాతో జర్మనీలో ఒక కంపెనీ పెట్టారు. 2011 జూలైలో విమానం కాలిఫోర్నియా నుంచి బవేరియాలోని మాన్‌షింగ్‌కు తనంతట తానే ఎగిరివచ్చింది. వినే వ్యవస్థా బాగానే పనిచేసింది. అయినా 2013 మేలో రక్షణ మంత్రి డి మెజియేర్ ఆపేశారు. అప్పటికి 50 కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది.

ఆగింది ఎగిరే యోగ్యత సర్టిఫికెట్ దగ్గర. జర్మన్ అధికారులు ప్రతి భాగానికీ ఆధారం అడిగారు: ఈ లెక్క ఎవరు చేశారు, ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎలా పరీక్షించారు, ఇది చెడితే ఏమవుతుంది. ఆ డాక్యుమెంట్లు చాలావరకు అమెరికా నుంచి రాలేదు. పైగా ఎదురుగా వచ్చే విమానాన్ని తనంతట తాను గుర్తించి తప్పించుకునే వ్యవస్థ ఇందులో లేదు, యూరప్‌లోని ఇరుకు గగనతలంలో అది లేకుండా తిరగనివ్వరు. వీటన్నిటినీ సరిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే మరో 50–60 కోట్ల యూరోలు కావాలని తేలింది.

ఇక్కడ జరిగిన పొరపాటు క్రమంలో ఉంది. సర్టిఫికెట్‌కు ఏ ఏ కాగితాలు కావాలో అధికారులతో కూర్చుని ముందే జాబితా రాయాలి. అవి ఏ తేదీకి ఎవరు ఇస్తారో ఒప్పందంలో చేర్చాలి. ఇవ్వకపోతే చెల్లింపు ఆగాలి. జర్మనీలో విమానం ముందొచ్చింది, జాబితా తర్వాత తయారైంది. చివరకు వినే పనిని మనుషులు నడిపే 3 బొంబార్డియర్ గ్లోబల్ 6000 జెట్లకు అప్పగించారు.

యూరోడ్రోన్‌కు రెండు ఇంజిన్లు ఎందుకు? అందులో భారత్ చేరిందంటే మనకు పని దొరుకుతుందా?
— ఒక పాఠకురాలు, మ్యూనిక్

యూరప్ దేశాలు కలిసి చేయించుకుంటున్న ఈ పెద్ద డ్రోన్‌ను 2015లో జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ మొదలుపెట్టాయి, తర్వాత స్పెయిన్ వచ్చింది. తయారీ ఒప్పందం మీద సంతకం పడేసరికి 2022 ఫిబ్రవరి 24. ధర, పనివాటా, ఇంజిన్ మీద బేరాలకే ఏడేళ్లు పట్టింది. ఒప్పందం విలువ 710 కోట్ల యూరోలు. మొత్తం 20 సిస్టమ్‌లు: జర్మనీకి 7, ఇటలీకి 5, ఫ్రాన్స్‌కు 4, స్పెయిన్‌కు 4. ఒక్కో సిస్టమ్‌లో 3 విమానాలు, 2 గ్రౌండ్ స్టేషన్లు. ప్రధాన కాంట్రాక్టర్ ఎయిర్‌బస్, తోడు దసో, లియోనార్డో. నాలుగు దేశాల తరఫున ఒకార్ అనే ఉమ్మడి ఆయుధ కొనుగోళ్ల సంస్థ నడిపిస్తోంది.

రెండు ఇంజిన్లు జర్మనీ పట్టుదల. జనం కిక్కిరిసిన ఊళ్ల మీదుగా తిరగాలి, ఒకటి ఆగినా రెండోదానితో ఇంటికి రావాలి అన్నారు. యూరో హాక్ అనుభవం తర్వాత సర్టిఫికెట్ విషయంలో వాళ్ల జాగ్రత్త అర్థమవుతుంది. దాని ఖరీదు బరువు. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 30 మీటర్లు, సరుకు 2.3 టన్నులు. ఇంత బరువు, ఇంత ధర ఎందుకని ఫ్రాన్స్ పార్లమెంటు సభ్యులు గట్టిగానే అడిగారు. మా అభిప్రాయం: సరిహద్దులో, సముద్రం మీద తిరిగే డ్రోన్‌కు ఒక ఇంజిన్ చాలు. ఊళ్ల మీద తిరగాల్సిందే అయితే జర్మనీ చెప్పింది సరైనదే. నాలుగు దేశాలకు నాలుగు అవసరాలున్నప్పుడు అందులో బరువైనదే అందరికీ డిజైన్ అవుతుంది.

ఇంజిన్ విషయంలో ఫ్రాన్స్ సాఫ్రాన్ వారి ఆర్డిడెన్‌ను కాదని కెటలిస్ట్‌ను ఎంచుకున్నారు. చేసేది ఇటలీ ఏవియో ఏరో, కానీ యజమాని అమెరికా జీఈ. యూరప్‌లోనే అభివృద్ధి చేసిన ఇంజిన్ కాబట్టి అమెరికా ఎగుమతి ఆంక్షలు వర్తించవని వాళ్ల మాట.

భారత్ 2025 జనవరిలో పరిశీలక హోదా పొందింది, జపాన్ అంతకుముందే పొందింది. పరిశీలకుడంటే ప్రోగ్రాంను దగ్గరగా చూడొచ్చు, సమాచారం అడగొచ్చు. ఓటు లేదు, పనివాటా గ్యారంటీ లేదు. ఇప్పటికైతే దీన్ని ఉద్యోగాల వార్తగా తీసుకోవద్దు. సర్టిఫికెట్ ఫైలు నాలుగు దేశాలు కలిసి ఎలా కడతాయో చూసి నేర్చుకోవడానికైతే మంచి అవకాశం.

ఒక్క కెమెరా, ఒక్క ఇంజిన్ బయటివైతే అంత ప్రమాదమా?
— జర్నలిజం విద్యార్థి, వరంగల్

టర్కీని చూడండి. 2020 శరదృతువులో అర్మేనియా, అజర్‌బైజాన్ల మధ్య నాగోర్నో–కారబాఖ్ యుద్ధంలో టర్కీ తయారీ బైరక్తార్ టీబీ2 డ్రోన్లు కనిపించాయి. వాటి కన్ను కెనడాలో చేసిన వెస్కామ్ కెమెరా, గుండె ఆస్ట్రియాలో చేసిన రోటాక్స్ ఇంజిన్. అక్టోబరులో కెనడా కెమెరా ఎగుమతులు నిలిపేసింది, 2021 ఏప్రిల్‌లో పర్మిట్లు రద్దే చేసింది. రోటాక్స్ యజమాని బీఆర్‌పీ కూడా తన ఇంజిన్లు ఎక్కడికి పోతున్నాయో తెలియని దేశాలకు సరఫరా ఆపుతున్నట్టు ప్రకటించింది. టర్కీ అసెల్సన్ చేసిన కాట్స్ కెమెరాకు మారింది. అది అప్పటికే తయారీలో ఉండబట్టి నిలబడింది.

మన దగ్గరా అదే రోటాక్స్. దృష్టి–10కీ, మనం ఎప్పటినుంచో వాడుతున్న ఇజ్రాయెల్ హెరాన్ డ్రోన్‌కూ గుండె అదే. అందుకే అహల్యానగర్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల వీఆర్‌డీఈ 180 హార్స్‌పవర్ ఇంజిన్ మీద చేస్తున్న పనిని చిన్నచూపు చూడొద్దు. డీఆర్‌డీవో చేసిన తపస్ డ్రోన్ మన సైన్యాలు అడిగిన 30,000 అడుగులకూ 24 గంటలకూ కాస్త కిందే, 28,000 అడుగులు, 18 గంటల దగ్గర ఆగింది. దాని నుంచి పోగైన డేటా మాత్రం పూర్తిగా మనది.

ఉపగ్రహం ద్వారా నడిపే డ్రోన్‌ను దింపేది ఎవరు?
— ఇంటర్ విద్యార్థి, తిరుపతి

ఎక్కువగా యంత్రమే దింపుతుంది, లేదా రన్‌వే దగ్గరున్న సిబ్బంది నేరుగా రేడియోతో దింపుతారు. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆజ్ఞ పైకి పోయి డ్రోన్‌కు చేరి, బొమ్మ అదే దారిలో తిరిగి రావడానికి అర సెకను పడుతుంది, వీడియో కుదింపుతో ఇంకా పెరుగుతుంది. నేలకు రెండు మీటర్ల ఎత్తులో అర సెకను చాలా ఎక్కువ.

యంత్రమూ పొరబడుతుంది. బ్రిటన్ హెర్మెస్ 450 ఆధారంగా థేల్స్, ఎల్బిట్‌లతో చేయించుకున్న వాచ్‌కీపర్ 2018లో వేల్స్‌లో దిగుతూ, చక్రాలు నేలను తాకిన సంగతిని గుర్తించలేకపోయింది. ల్యాండింగ్ కుదరలేదనుకుని మళ్లీ పైకి లేచింది. అది రన్‌వే దాటి గడ్డిలోకి పోతోందని చూసి ఆపరేటర్ ఇంజిన్ కట్టేశారు. అప్పటికది గాల్లో ఉంది, వెళ్లి చెట్టుకు తగిలింది. నేల తగిలిందని చెప్పే సెన్సర్ ఒక్కటే ఉంటే చాలదు, దాని మాట తప్పైతే ఏం చేయాలో ఆపరేటర్ చేతికి ముందే రాసివ్వాలి.

చర్లపల్లిలో మాకు చిన్న కాంపోజిట్ వర్క్‌షాపు ఉంది. డ్రోన్ భాగాలు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పారిశ్రామికుడు, హైదరాబాద్

విమాన పరిశ్రమ నాణ్యత ప్రమాణం ఏఎస్ 9100 సర్టిఫికెట్‌తో. తర్వాత క్యూరింగ్ (వేడితో రెసిన్‌ను గట్టిపరచడం) లాంటి ప్రత్యేక ప్రక్రియలకు నాడ్‌క్యాప్ అనే గుర్తింపు అడుగుతారు. ఎగుమతి ఉంటే స్కోమెట్ (ఎగుమతి నియంత్రణ ఉన్న వస్తువుల) జాబితాలో మీ భాగం ఏ వర్గమో చూసుకుని, దాన్ని బట్టి డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లేదా రక్షణ ఉత్పత్తి విభాగం అనుమతి తీసుకోవాలి. ఇవి తెలిసినవే. ఆర్డరు పోయేది మాత్రం షాపు లోపల జరిగే చిన్న పనుల్లో.

ప్రీప్రెగ్ కార్బన్ గుడ్డ (ముందే రెసిన్ పట్టించినది) మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. బయటికి తీయగానే కవరు చింపొద్దు. కొన్ని గంటలు అలాగే వదిలేసి, కవరు మీద చెమట పూర్తిగా ఆరాకే తెరవాలి. తొందరపడితే వానాకాలపు తేమ గుడ్డ మీద చేరుతుంది, ఆటోక్లేవ్ అనే ఒత్తిడి పొయ్యిలో ఆవిరై రెసిన్‌లో బుడగలు కడుతుంది. ఫ్రీజర్ బయట గడిచిన ప్రతి గంటనూ ఆ రోల్ కార్డు మీద రాయాలి, తిరిగి లోపల పెట్టిన సమయంతో సహా.

పొరలు పరిచేటప్పుడు ప్రతి పొర వెనకున్న సన్నని ఫిల్మ్ తీసి ఒక డబ్బాలో వేయించండి. 14 పొరలకు 14 ఫిల్ములు డబ్బాలో లెక్క తేలాలి. 13 ఉంటే ఒకటి లోపలే ఉన్నట్టు. పైకి నిగనిగలాడుతుంది, అల్ట్రాసోనిక్ స్కాన్‌లో పొర విడిపోయినట్టు కనిపిస్తుంది. మూడు నాలుగు పొరలకోసారి వాక్యూమ్ పెట్టి గాలి లాగాలి. వాక్యూమ్ బ్యాగు కట్టాక పంపు ఆపి 5 నిమిషాలు గేజీ చూడాలి, ముల్లు కదిలితే సీలు మళ్లీ వేయాలి. క్యూరింగ్ రెసిన్‌ను బట్టి 120 నుంచి 180 డిగ్రీలు, 6–7 బార్ ఒత్తిడి. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒకటి అచ్చులో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోట, ఒకటి త్వరగా వేడెక్కే చోట పెట్టండి. రెసిన్ ఎక్కువైతే బలం పెరగదు, బరువే పెరుగుతుంది. పైన చెప్పిన 8 కిలోలు గుర్తుంచుకోండి, పెద్ద రెక్కలో అవి గ్రాములుగానే పోగవుతాయి.

అదే రోల్‌తో, అదే ఆటోక్లేవ్ రౌండులో చిన్న పరీక్ష పలకలు కూడా వండి, విరిచి, బలం రాసిపెట్టండి. రోల్ లాట్ నంబరు, ఫ్రీజర్ కార్డు, ఫిల్ముల లెక్క, ఆటోక్లేవ్ గ్రాఫు, స్కాన్ బొమ్మ, పలకల ఫలితం: ఈ ఆరూ ఒకే ఫైలులో, భాగం సీరియల్ నంబరు కింద ఉండాలి. ఇందులో ఒక్కటి లేకపోయినా, నిక్షేపంగా ఉన్న భాగాన్నీ కొనేవాళ్లు తిప్పి పంపుతారు.