టెక్ సందేహాలు: ఈసీయూ లేని రోజుల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్

ప్రశ్న: 1950ల నాటి మెర్సిడెస్ కారుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉందని ఒక వీడియోలో విన్నాను. మన బైకుల్లో చాలావాటికి 2020లో బీఎస్-6 వచ్చాకే కదా కార్బురేటర్ పోయింది! ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్), సెన్సర్లు లేకుండా అప్పట్లో అదెలా కుదిరింది?

జవాబు: మీరు విన్నది 1954లో న్యూయార్క్ ప్రదర్శనలో తొలిసారి చూపించిన 300 ఎస్‌ఎల్ గురించి అయ్యుంటుంది. తలుపులు రెక్కల్లా పైకి లేస్తాయి, ఆ కారే. అంతకు రెండు మూడేళ్ల ముందే గుట్‌బ్రోడ్, గోలియాత్ అనే చిన్న జర్మన్ కార్లలో బాష్ కంపెనీ ఇంజెక్షన్ వచ్చింది. కానీ పేరంతా దీనికే దక్కింది. కార్బురేటర్లతో రేసుల్లో సుమారు 175 హార్స్‌పవర్ ఇచ్చిన మూడు లీటర్ల ఇంజిన్, ఇంజెక్షన్‌తో 215 ఇచ్చింది మరి!

పాత లారీ ఇంజిన్ పక్కన ఉండే డీజిల్ పంపును చూసే ఉంటారు. ఈ కారు ఇంజెక్షన్ పంపూ ఆ జాతిదే. ఆరు సిలిండర్లకు ఆరు ప్లంజర్లు (పెట్రోల్‌ను తోసే చిన్న కడ్డీలు). పంపులోని క్యామ్ షాఫ్ట్ వాటిని వంతులవారీగా పైకి తోస్తుంటే పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది. ప్లంజర్ మీద ఏటవాలు గాడి ఉంటుంది. ప్లంజర్‌ను కాస్త తిప్పితే చాలు, చిమ్మే పెట్రోల్ మోతాదు మారిపోతుంది. తిప్పేది ఒక ర్యాక్ (పళ్లున్న కడ్డీ), దాన్ని జరిపేది ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలోని వాక్యూమ్‌కు కదిలే డయాఫ్రం అనే పలుచటి పొర. ఇవాళ మ్యాప్ సెన్సర్ (ఆ గొట్టంలోని గాలి పీడనాన్ని కొలిచేది), ఈసీయూ కలిసి వేసే లెక్కను ఆ ఇనుప ముక్కలే వేశాయి. ఇంజినీరింగ్‌లో నాకు అమితంగా నచ్చే పనితనం ఇది.

దీని మూలాలు యుద్ధ విమానాల్లో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన మెసర్‌ష్మిట్ 109లోని డీబీ 601 ఇంజిన్‌కు ఇంజెక్షన్ ఉండేది. దాని ప్రత్యర్థి, బ్రిటన్ విమానం తొలినాటి స్పిట్‌ఫైర్‌కు ఉన్నది కార్బురేటర్. పైలట్ విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి దించితే స్పిట్‌ఫైర్ ఇంజిన్ తడబడేది, మెసర్‌ష్మిట్‌కు ఆ చిక్కు లేదు.

300 ఎస్‌ఎల్‌లో ఒక ఇబ్బంది ఉండేది. ఇగ్నిషన్ ఆపినా, ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉండేది. అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, ఇంజిన్ ఆయిల్‌లో కలిసేది. దూరప్రయాణాల్లో ఇంజిన్ బాగా వేడెక్కి అది ఆవిరైపోయేది కానీ, ఊళ్లో కొద్ది దూరాలు తిరిగే కార్లలో ఆయిల్ పలచబడిపోయేది.

ప్రశ్న: అంత బాగా పనిచేస్తే ఎందుకు మానేశారు?

జవాబు: ఒకటి ఖరీదు. అసలు దెబ్బ కాలుష్య నిబంధనలది. పొగలో ఏముందో ఆ పంపుకు తెలియదు, తెలిసినా సర్దుకోలేదు. 1973లో వచ్చిన బాష్ ఇంజెక్షన్ వ్యవస్థ కే-జెట్రానిక్ కూడా యాంత్రికమైనదే. 1976లో వోల్వో దానికి, పొగను గమనించే ఆక్సిజన్ సెన్సర్‌నూ, చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్‌నూ జతచేసి కాలిఫోర్నియాలో అమ్మింది.