వారానికో కొత్త బ్యాటరీ వార్త: ఏది నమ్మాలి, స్కూటర్ కొనడం ఆపాలా?

“ఐదు నిమిషాల్లో ఫుల్ చార్జ్, 50 ఏళ్ళు చార్జింగే అక్కర్లేదు, పదింతలు కెపాసిటీ అంటూ వారానికొక వార్త వస్తోంది. ఇవి నిజమేనా? ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటే రెండేళ్ళకే పాతదైపోతుందా?” అని అడిగారు. బ్యాటరీ ప్యాక్‌ల పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసింది చెప్తాను.

ముందు సూటిగా సమాధానం: ఈ వార్తల్లో పచ్చి అబద్ధాలు తక్కువే. వార్తలో ఇచ్చిన అంకె చాలాసార్లు నిజమే ఉంటుంది. బండిలో పెట్టాల్సిన బ్యాటరీకి మాత్రం ఆ ఒక్క అంకె చాలదు. బరువుకు ఎంత శక్తి, ఎంత వేగంగా చార్జ్ అవుతుంది, ఎన్నిసార్లు చార్జ్ చేయొచ్చు, వేడిని తట్టుకుంటుందా, ధరెంత, ఫ్యాక్టరీలో లక్షల్లో తయారు చేయగలరా అన్నవన్నీ ఒకే సెల్‌లో (బ్యాటరీ ప్యాక్‌లో పేర్చే చిన్న బ్యాటరీలలో ఒక్కోటి) కలిసి రావాలి. ఒకటి పెంచితే సాధారణంగా ఇంకోటి తగ్గుతుంది. అందుకే వార్త చదివేటప్పుడు ఏ అంకె ఇచ్చారో చూసి, ఏది ఇవ్వలేదో వెతకండి. అసలు సంగతి అక్కడే ఉంటుంది.

50 ఏళ్ళ బ్యాటరీనే తీసుకోండి. 2024 జనవరిలో చైనా కంపెనీ బీటావోల్ట్ దాన్ని ప్రకటించింది. అందులో వాడేది నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, దాదాపు 100 ఏళ్ళు కాబట్టి 50 ఏళ్ళు పనిచేస్తుందనడంలో తప్పేమీ లేదు. హెడ్‌లైన్‌లో రానిది పవర్: 100 మైక్రోవాట్లు. స్క్రీన్ వెలిగించి వాడుతున్న ఫోను సుమారు 2 వాట్లు తీసుకుంటుంది. అంటే ఒక ఫోనుకు అలాంటివి 20,000 కావాలి. ఒక్కోటి 15×15×5 మిల్లీమీటర్లు, అన్నీ కలిపి 22 లీటర్ల పైన స్థలం. చిన్న సెన్సర్లకూ, చేయి పెట్టి మార్చలేని చోట ఉండే పరికరాలకూ అది మంచి వస్తువే. ఫోనుకు, బండికి దానితో సంబంధం లేదు.

ఐదు నిమిషాల చార్జింగ్ సంగతి వేరు. అది నిజంగానే వచ్చేసింది, కార్లలో, చైనాలో. 2025 మార్చిలో అక్కడి కార్ల కంపెనీ బీవైడీ 1,000 కిలోవాట్ల చార్జర్‌తో ఐదు నిమిషాల్లో 400 కిలోమీటర్ల రేంజ్ ఎక్కించే వ్యవస్థను చూపించింది. మరుసటి నెలలో బ్యాటరీల కంపెనీ సీఏటీఎల్ ఐదు నిమిషాల్లో 520 కిలోమీటర్లు అంది. ఈ కిలోమీటర్లు చైనా టెస్ట్ పద్ధతిలో లెక్కగట్టినవి, రోడ్డు మీద అంత రావు. అయినా సాధించింది పెద్దదే. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: కరెంటు ఎక్కడినుంచి?

స్కూటర్‌కే లెక్క వేద్దాం. బ్యాటరీ 3 కిలోవాట్-అవర్, అంటే మన మీటర్లో 3 యూనిట్లు. ఐదు నిమిషాలంటే గంటలో పన్నెండో వంతు, కాబట్టి 36 కిలోవాట్లు లాగాలి. ఇంట్లో ఏసీకి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 3.7 కిలోవాట్లు. పొలాల దగ్గర కనిపించే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం మీ ఒక్క స్కూటర్‌కే ఇచ్చినా చాలదు, 5 హెచ్‌పీ మోటార్లు దాదాపు పది ఒకేసారి వేసినంత లోడ్ అది. బీవైడీ చార్జర్‌కైతే అలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు 40 కావాలి. సెల్ ఎంత గొప్పదైనా ఇంటి దగ్గర మీ చార్జింగ్ టైము తేల్చేది వైరింగ్, చార్జర్. 750 వాట్ల చార్జర్‌తో 3 యూనిట్ల బ్యాటరీ నిండడానికి నష్టాలతో కలిపి నాలుగున్నర గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసేవాళ్ళకు అది హాయిగా సరిపోతుంది.

వేగానికి సెల్ లోపల కట్టే మూల్యం కూడా ఉంది. మామూలుగా చార్జింగ్‌లో లిథియం అయాన్లు నెగటివ్ వైపు ఎలక్ట్రోడ్‌గా ఉండే గ్రాఫైట్ పొరల్లోకి దూరతాయి. వాటిని మరీ తోస్తే లోపలికి దూరే సమయం లేక, గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్ళీ పనికిరాదు, కెపాసిటీ శాశ్వతంగా పోతుంది. సూదుల్లా పెరిగితే షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే ఫాస్ట్ చార్జింగ్ వార్తలో రెండు విషయాలు చూడండి: ఎంత శాతం నుంచి ఎంత శాతం దాకా, అదే వేగంతో ఎన్ని సైకిల్స్ (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్). “10 నుంచి 80 శాతం” అని ఉంటే నమ్మదగ్గ మాట. చివరి 20 శాతం ఎవరి సెల్‌లోనైనా నెమ్మదే.

ఇక “పదింతలు”. ఈ మాట తరచూ సిలికాన్ మీద వస్తుంది. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్-అవర్ దాచుకోగలదు, సిలికాన్ సుమారు 3,600. పదింతలు అన్నది అక్కడినుంచి వచ్చింది, నిజమే. కానీ అది ఒక్క ఎలక్ట్రోడ్ సంగతి. ఒక ఆంపియర్-అవర్ సెల్‌కు పాజిటివ్ వైపు పదార్థం సుమారు 5 గ్రాములు, గ్రాఫైట్ 3 గ్రాములు, రాగి, అల్యూమినియం రేకులు, ఎలక్ట్రోలైట్ (అయాన్లు అటూ ఇటూ కదిలే ద్రవం), డబ్బా కలిపి ఇంకో 5 గ్రాములు అనుకోండి. మొత్తం 13. గ్రాఫైట్ తీసి సిలికాన్ పెడితే ఆ 3 గ్రాములు 0.3 అవుతుంది, మిగతాదేదీ మారదు. 13 గ్రాములది పది గ్రాములకు కాస్త పైన ఆగింది. లాభం పాతిక శాతం దరిదాపు. పైగా సిలికాన్ నిండినప్పుడు మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, ఖాళీ అయినప్పుడు కుదించుకుంటుంది. కొన్ని వందలసార్లు అలా జరిగేసరికి పొడిపొడిగా పగులుతుంది. అందుకే కంపెనీలు గ్రాఫైట్‌లో కొద్ది శాతం సిలికాన్ కలిపి సరిపెడుతున్నాయి.

ల్యాబ్ వార్తలో ఇంకొకటి గమనించాలి: టెస్ట్ చేసింది ఏ సెల్ మీద? ఎక్కువసార్లు కారు తాళంలో ఉండే బిళ్ళంత కాయిన్ సెల్ మీద, అందులో పదార్థం కొన్ని మిల్లీగ్రాములే. దానిలో ఎలక్ట్రోలైట్ ఆంపియర్-అవర్‌కు పదుల గ్రాములు పోస్తారు. ఫ్యాక్టరీ సెల్‌లో మూడు గ్రాముల లోపే ఉంటుంది. అవతలి ఎలక్ట్రోడ్‌గా చాలాసార్లు లిథియం రేకు పెడతారు, అందులో లిథియం అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. సైకిల్ సైకిల్‌కూ ఎంత లిథియం పోతున్నా ఆ నిల్వ పూడ్చేస్తుంది, గ్రాఫ్ చదునుగా కనిపిస్తుంది. అసలు సెల్‌లో ఆ అదనపు లిథియం ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. వార్తలోనో, దాని మూల ప్రకటనలోనో “కూలోంబిక్ ఎఫిషియెన్సీ 99.9 శాతం”, అంటే ఎక్కించిన చార్జ్‌లో అంత తిరిగి వస్తుంది అని ఉంటే గొప్పగా అనిపిస్తుంది. అసలు సెల్‌లో ఒక్కో సైకిల్‌కు 0.1 శాతం లిథియం పోతూ ఉంటే వెయ్యి సైకిల్స్ తర్వాత మిగిలేది 37 శాతం. 99.98 అయితే 82 శాతం మిగులుతుంది. రెండో దశాంశ స్థానంలో ఉన్న తేడా బండి మూడేళ్ళు నడుస్తుందా పదేళ్ళు నడుస్తుందా అని తేలుస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఇలాంటి పేపర్లు చదివేటప్పుడు కనీసం ఈ ఒక్క లెక్క వేసుకోవాలని నా కోరిక.

ల్యాబ్ నుంచి షోరూం దాకా పట్టే కాలానికి చరిత్రే ఆధారం. 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరైన జాన్ గుడ్‌ఇనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌ను 1980లో చూపించారు. సోనీ దానితో చేసిన లిథియం అయాన్ బ్యాటరీని అమ్మింది 1991లో. ఇవాళ మన స్కూటర్లలోకి వస్తున్న ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద ఆయన బృందం పేపర్ 1997లో వచ్చింది. కార్లలో అది పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. ద్రవం బదులు గట్టి ఎలక్ట్రోలైట్ ఉండే సాలిడ్ స్టేట్ బ్యాటరీని 2020ల మొదట్లో తెస్తామని టయోటా 2017లో చెప్పింది, 2023కు వచ్చేసరికి 2027–28 అంది. దాని కష్టాలు నిజమైనవి. సల్ఫైడ్ రకం ఎలక్ట్రోలైట్‌కు గాలిలో తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు వస్తుంది. గట్టి పొరలు ఒకదాన్నొకటి వదలకుండా సెల్‌ను చదరపు సెంటీమీటరుకు పదుల కిలోల ఒత్తిడితో నొక్కి పట్టాలి. “సెమీ సాలిడ్” అని అమ్ముతున్నవాటిలో ద్రవం ఇంకా ఉంది, రెండూ ఒకటే అనుకోకండి. ముందుగా వచ్చేది ఖరీదైన కార్లలోకే, స్కూటర్ వంతు చివరే.

లిథియం బదులు సోడియం వాడే సోడియం అయాన్ బ్యాటరీల వార్తలను నేను మిగతావాటికన్నా ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే అవి ఫ్యాక్టరీ దశకు వచ్చాయి. సీఏటీఎల్ 2021లో కిలోకు 160 వాట్-అవర్ అంది, 2025లో 175 అంది. అది ఎల్ఎఫ్‌పీ దగ్గరకు వచ్చినట్టే. అయితే దాని గొప్ప బలం గడ్డకట్టే చలిలో పనిచేయడం, రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవాళ్ళకు దానితో పనిలేదు. రెండో బలం ధర. 2022లో లిథియం ధర ఆకాశంలో ఉన్నప్పుడు అది పెద్ద ఆకర్షణ, తర్వాత లిథియం ధర బాగా పడిపోవడంతో ఆ తేడా చిక్కిపోయింది.

వార్త అసలైనదని చెప్పే గుర్తులు ఇవి: ఫ్యాక్టరీ ఊరు పేరు ఉంటుంది, ఏడాదికి ఎన్ని గిగావాట్-అవర్ అని ఉంటుంది, వాహన కంపెనీకి ఏ దశ శాంపిల్ ఇచ్చారో ఉంటుంది. ఏ-శాంపిల్ అంటే ఇంకా చేతిపని, సీ-శాంపిల్ అంటే అసలు ఉత్పత్తి యంత్రాల మీద తయారైనది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా ప్లాంటు గురించి 2022 డిసెంబర్‌లో వచ్చిన ప్రకటన అలాంటిదే: సెల్స్ 16, ప్యాక్‌లు 5 గిగావాట్-అవర్ లక్ష్యమని, దశలవారీగా అని అందులో ఉంది. “కొత్త విప్లవం” అన్న మాట లేకపోయినా మన ఉద్యోగాలకు, ధరలకు ముడిపడిన వార్త అది.

ఇప్పుడు మీ స్కూటర్. ఆగకండి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది ఇంచుమించు ఒక యూనిట్. ఆగిన ప్రతి నెలా మీరు పెట్రోల్‌కు పెట్టేది తిరిగి రాదు. 2010లో కిలోవాట్-అవర్‌కు వెయ్యి డాలర్లు దాటిన ప్యాక్ ధర బ్లూమ్‌బర్గ్ సర్వేలో 2024కు 115 డాలర్లకు వచ్చింది. ఏ ఒక్క అద్భుతమూ దీన్ని తేలేదు, ఏళ్ళ తరబడి కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది. ఇకముందూ అలాగే మెల్లగా వస్తుంది కాబట్టి రెండేళ్ళకు మీ బండి పనికిరాకుండా పోదు.

కొనేటప్పుడు ఎల్ఎఫ్‌పీ దొరికితే నా ఓటు దానికే. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపిన రకం) కన్నా బరువెక్కువ, కానీ వేడికి అంత సులభంగా అదుపు తప్పదు, సైకిల్స్ రెట్టింపు దాకా ఇస్తుంది. దాని వోల్టేజి చదునుగా ఉండటంతో మీటర్లో శాతం తప్పు చూపించడం మామూలే, వారానికోసారి 100 దాకా నింపితే సర్దుకుంటుంది. ఎన్ఎంసీ అయితే రోజూ 80–90 దగ్గర ఆపండి. షోరూం వాళ్ళు చెప్పే సర్టిఫైడ్ రేంజ్‌లో ముప్పావు వంతు వస్తే బాగా వచ్చినట్టు. బ్యాటరీ భద్రత ప్రమాణమైన ఏఐఎస్-156 సవరించిన నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఉందా అని అడగండి. అవి రెండు దశల్లో, 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి నెలాఖరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు స్టాక్ తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దు. వారంటీ కాగితంలో సంవత్సరాలు, కిలోమీటర్లతో పాటు “ఎంత శాతం కంటే కెపాసిటీ తగ్గితే మారుస్తారు” అన్న వాక్యం వెతకండి. 70 శాతమో 80 శాతమో రాసి ఉండాలి, లేకపోతే రేంజ్ సగమైనా “బ్యాటరీ పనిచేస్తోంది కదా” అంటారు.

వేసవిలో బండి దిగగానే ప్లగ్గు పెట్టొద్దు, అరగంట గంట చల్లారనివ్వండి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం చార్జింగ్ మానండి. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు నేరుగా వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. బ్యాటరీ విడిగా తీసేది అయితే పడకగదిలో, బయటికి పోయే దారిలో చార్జ్ చేయకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

ఆగమని నేను చెప్పేది ఒక్క సందర్భంలోనే: అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, పార్కింగ్‌లో మీ మీటర్ నుంచి ప్లగ్గు లాగడానికి అసోసియేషన్ ఇంకా ఒప్పుకోకపోతే. ముందు ఆ వైరు, దానికి విడిగా ఎంసీబీ, ఎర్త్ లీకేజీ బ్రేకర్ వేయించుకుని, ఆ తర్వాత షోరూంకి వెళ్ళండి.