కషాయం చల్లినా అగ్గి తెగులు ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: వరి ఆకులపై అగ్గి తెగులు మచ్చలు కనిపించగానే వెల్లుల్లి రెబ్బలను ఒలిచి, అలాగే నీటిలో వేసి అరగంట మరిగించి, వడకట్టి రెండుసార్లు పిచికారీ చేశాను. తెగులు తగ్గకపోగా పక్క మడికి కూడా పాకింది. మొక్కల కషాయాలతో శిలీంధ్ర తెగుళ్లు అదుపులోకి వస్తాయన్న మాట నిజం కాదా?

జవాబు: మాట నిజమే గాని, మీరు రెండుచోట్ల పొరబడ్డారు. మొదటిది మరిగించడం. శిలీంధ్రాన్ని దెబ్బతీసే అల్లిసిన్ వెల్లుల్లి రెబ్బలో ముందుగా తయారై ఉండదు. రెబ్బ నలిగి, అందులోని అల్లిన్ అనే పదార్థానికి అల్లినేజ్ అనే ఎంజైమ్ తగిలినప్పుడే అది క్షణాల్లో పుడుతుంది. నలపని రెబ్బలను మరిగిస్తే ఆ ఎంజైమ్ వేడికి చెడిపోతుంది కాబట్టి, మీరు చల్లినది చాలావరకు వెల్లుల్లి వాసన గల నీరే. రెబ్బలను పచ్చిగా మెత్తగా దంచి, చన్నీటిలో కలిపి, వడకట్టి అదే రోజు వాడాలి.

రెండవ పొరపాటు సమయానికి సంబంధించినది, నా దృష్టిలో ఇదే పెద్దది. తడిసిన ఆకుపై పడిన అగ్గి తెగులు సిద్ధబీజం (శిలీంధ్రానికి విత్తనం వంటిది) మొలకెత్తి, గుమ్మటం వంటి ఒక కణాన్ని ఏర్పరచుకొని, అందులో వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్ల ఒత్తిడి పెంచుకొని ఆకు పొరను ఛేదిస్తుంది. కషాయానికి అది చిక్కేది ఆ లోపే. గోధుమ రంగు అంచు, బూడిద రంగు నడుమ గల నూలుకండె మచ్చ మీ కంట పడేసరికి శిలీంధ్రం లోపల చేరి కొన్ని రోజులు గడిచిపోయి ఉంటాయి. ఆకు పైననే ఉండిపోయే కషాయం దానిని అందుకోలేదు. గోధుమ, బార్లీ పైర్లలో వచ్చే బూడిద తెగులు సంగతి వేరు. దాని బూజు చాలావరకు ఆకు పైననే పెరుగుతుంది కనుక వేపనూనె వంటివి అక్కడ మెరుగ్గా పనిచేస్తాయి.

కాబట్టి రాత్రులు చల్లబడి, ఉదయం చాలాసేపటి వరకు ఆకులపై మంచు ఆరని రోజుల్లో, మచ్చలు రాకముందే పిచికారీ మొదలుపెట్టండి. వాన కురిస్తే మళ్లీ చల్లక తప్పదు. కషాయం చిక్కదనం ప్రతిసారీ ఒకేలా ఉండదు గనుక ముందుగా నాలుగైదు దుబ్బులపై చల్లి, రెండు రోజులు ఆగి, ఆకుల కొనలు మాడలేదని చూసుకోండి. లవంగ నూనె వంటి ఘాటైన నూనెలతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నత్రజనిని ఒకేసారి గుమ్మరించిన పొలంలో మాత్రం ఏ కషాయమూ నిలవదు, దానిని దఫాలుగా వేయవలసిందే. ఇప్పుడు మీ పొలంలో తెగులు పాకుతోంది కాబట్టి, వెన్ను మెడకు సోకకముందే అగ్గి తెగులుకు సిఫారసు చేసిన శిలీంధ్రనాశినిని వాడండి.

ప్రశ్న: వెల్లుల్లి రసాన్ని ట్రైకోడెర్మాతో కలిపి విత్తనశుద్ధి చేయవచ్చునా?

జవాబు: కలపకండి. తెగుళ్లను అణచడానికి వాడే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. తెగులు శిలీంధ్రాన్ని చంపే రసం దానినీ వదలదు.