ఇల్లు మా ఆవిడ పేరు మీదకి మార్చేశాను, ఇప్పుడు ఐపీ పెడితే?

ప్రశ్న: వ్యాపారం దెబ్బతింది. అప్పులు తీర్చే దారి లేక ఐపీ పెడదామనుకుంటున్నాను. మా బావమరిది సలహా మీద మూడు నెలల క్రితం ఇంటిని మా ఆవిడ పేరున గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించాను. లోను వాయిదాలు మాత్రం ఇంకా నేనే కడుతున్నాను. ఇల్లు ఇప్పుడు ఆమెదే కాబట్టి అప్పులవాళ్లు ముట్టుకోలేరు కదా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముట్టుకోగలరండీ. మీరు ఏ దేశం నుంచి రాస్తున్నారో చెప్పలేదు, గడువులు మారతాయి గానీ కథ దాదాపు అన్నిచోట్లా ఒకటే. కాగితం మీద ఎవరి పేరుందన్నది చివర్న చూస్తారు. ముందు అడిగేది, ఇల్లిచ్చినందుకు మీకేం ముట్టింది, ఇచ్చేనాటికి మీ అప్పులెంత అని. మొదటిదానికి మీ జవాబు సున్నా. రెండోది మీకే తెలుసు.

ఐపీ పెట్టాక మీ ఆస్తులు రిసీవర్ చేతికి, అంటే దివాలా తీసినవాళ్ల ఆస్తుల్ని చూసే అధికారి చేతికి వెళతాయి, కొన్ని దేశాల్లో ట్రస్టీ అంటారు. ఆయన మీ పాత లావాదేవీలన్నీ తిరగేస్తాడు. భారత్‌లో 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం, బదిలీ జరిగిన రెండేళ్లలోపు పిటిషన్ పడి మీరు దివాలా అని తేలితే ఊరికే చేసిన ఆ ఆస్తి బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు. ఇంగ్లండ్‌లో అయిదేళ్ల దాకా వెనక్కి వెళతారు, అమెరికా ఫెడరల్ చట్టంలో రెండేళ్లు. అయితే రెండేళ్లు ఆగి పెడతాను అంటారేమో. అప్పులవాళ్లు అన్నాళ్లు ఊరుకోవాలిగా! వాళ్లే మీ మీద పిటిషన్ వేయొచ్చు, తమాషా ఏమిటంటే భారత్‌లో అందుకు చట్టం చెప్పే కారణాల్లో ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి రాసివ్వడం ఒకటి. ఐపీతో పనిలేకుండా ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద కూడా అలాంటి డీడ్‌ని సవాలు చేయొచ్చు.

ఇది కొత్త ఎత్తేం కాదు లెండి. 1601లో ఇంగ్లండ్‌లో ట్వైన్ కేసని ఒకటి నడిచింది. పియర్స్ అనే ఆయన, ఒక అప్పులవాడు తన మీద దావా వేస్తే, తన సొత్తంతా ఇంకో అప్పులవాడైన ట్వైన్ పేరున గుట్టుగా రాసిచ్చేశాడు. గొర్రెలు మాత్రం తన దగ్గరే ఉంచుకుని, బొచ్చు కత్తిరించి, వాటి మీద తన గుర్తే వేసుకున్నాడు. అదే పట్టిచ్చింది. మీరు కడుతున్న లోను వాయిదా కూడా ఆ గుర్తు లాంటిదే, నెలనెలా మీ ఖాతాలోంచి కట్ అవుతూ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అన్నట్టు, రాసిచ్చేముందు బ్యాంకుని అడిగారా? పేరు మారినా తాకట్టు పోదు.

మీ ఆవిడకి అసలేమీ మిగలదని కాదు. కొన్నప్పుడు ఆమె జీతంలోంచో, పుట్టింటివాళ్లిచ్చిన డబ్బులోంచో కట్టినదుంటే ఆ వాటా తనదని అడగొచ్చు, దానికి ఆనాటి బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి, నోటిమాట చాలదు. చాలాచోట్ల మీ వాటాకి సరైన ధర కట్టి రిసీవర్ దగ్గర ఆమె గానీ బంధువులు గానీ కొనుక్కోవచ్చు. ఇల్లు దక్కించుకోవడానికి నాకు గిఫ్ట్ డీడ్ కన్నా ఈ దారే నయమనిపిస్తుంది.

ఇప్పుడేం చేయాలంటే, ముందు ఆ ఇంటిని అమ్మడం, ఇంకొకరికి రాయడం, మళ్లీ తాకట్టు పెట్టడం లాంటివేమీ చేయకండి. కంగారుపడి డీడ్ రద్దు చేయించడానికీ పరుగెత్తకండి, అది కూడా దివాలా కేసులు చూసే లాయర్‌ని అడిగాకే. ఐపీ పెట్టేటప్పుడు ఈ మధ్య ఎవరికేం ఇచ్చారో చెప్పాల్సి వస్తుంది, అక్కడ ఈ డీడ్ సంగతి తేదీతో సహా రాయండి. అమెరికాలోనైతే పిటిషన్‌కి ముందు ఏడాదిలో ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి మళ్లించారని తేలితే అప్పుల మాఫీయే ఇవ్వకపోవచ్చు. అంటే ఇల్లూ పోతుంది, అప్పూ మిగులుతుంది.

మీ ఉత్తరంలో మీ ఆవిడ ఏమందో ఒక్క ముక్క లేదు. కోర్టులో రేపు ఆమెని కూడా పార్టీగా చేరుస్తారు, కాబట్టి ఈ జవాబు ఆమెకి చూపించండి. ఆమెకి లాయర్ విడిగా ఉండాలి, మీ లాయరూ వద్దు, మీ బావమరిది తెలుసన్నవాళ్లూ వద్దు.