స్కూటీ మీ ఆవిడ పేరు మీద, తాళం మీ అబ్బాయి చేతిలో

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా అబ్బాయికి 17 ఏళ్లు. రోజూ ట్యూషన్‌కి నా భార్య పేరు మీదున్న స్కూటీ మీదే వెళ్తాడు. పోయిన నెల ఒక తాపీ మేస్త్రిని గుద్దాడు. ఆయనకు తొడ ఎముక విరిగింది, కేసయింది. పెద్దమనుషులు 8 లక్షలకు రాజీ చేస్తామంటున్నారు. నా జీతం 62 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 19 వేలు. బ్యాంకులో 40 వేలున్నాయి, ఒక చిట్టీ నడుస్తోంది, కొంత బంగారం ఉంది. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా, పైగా పిల్లాడు చేసినదానికి మేమెందుకు కట్టాలి?

జవాబు: ముందు ఆ మూడు రూపాయల వడ్డీ మాట మరిచిపోండి. 8 లక్షలకు నెలకు 24 వేలు వడ్డీకే పోతుంది, అసలు పైసా తగ్గదు. ఈఎంఐ కలిపితే 43 వేలు. మిగిలే 19 వేలతో ఇల్లు నడిపి, అసలు ఎప్పుడు తీరుస్తారండీ?

ఇక మీరెందుకు కట్టాలనేది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి ఓనరో దోషులు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్సు కూడా రాదు. మీకు తెలిసే బండి ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది మీరే. రోజూ ట్యూషన్‌కి వెళ్లేవాడని మీరే రాశారు, ఇంకేం రుజువు చేస్తారు? నన్నడిగితే ఈ చట్టం న్యాయమైనదే. ఆ తాళం వాడు దొంగిలించలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది మీ ‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అన్న ఒక్క మాట కోసం. లైసెన్సు లేని మనిషి నడిపితే కంపెనీ సాధారణంగా బాధితుడికి చెల్లించి, ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర రాబట్టుకుంటుంది. వేరే దావా కూడా అక్కర్లేదు, ప్రమాద పరిహారం తేల్చే కోర్టు, అంటే ట్రిబ్యునల్, దాని ద్వారానే ఆస్తి జప్తుకు రావచ్చు. ఓనరంటే ఇక్కడ మీ ఆవిడ. మీ స్కూటీ రిపేరు క్లెయిము మీద కూడా ఆశ పెట్టుకోకండి.

ఎంత దాకా పోతుందో చూడండి. ఆ మేస్త్రికి 32 ఏళ్లు, నెలకు 20 వేల సంపాదన, నలుగురు ఆధారపడ్డవాళ్లు అనుకుందాం. ఆయన చనిపోయి ఉంటే ఏడాది ఆదాయం 2,40,000కి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, 3,36,000. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీస్తే 2,52,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది మొత్తాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 16. మొత్తం 40,32,000, దానిపైన వడ్డీ, ఇతర పద్దులు. స్కూటీ కొన్నప్పుడు ఈ లెక్క షోరూములో ఎవరూ చెప్పరు.

మీ కేసులో మనిషి బతికాడు, అదృష్టం. కానీ వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చేదాకా ఆ 8 లక్షలు గాల్లోంచి తీసిన అంకె. తెల్లకాగితం మీద రాయించుకుని డబ్బిస్తే ఆయన రేపు ట్రిబ్యునల్‌కి వెళ్లరని ఏమిటి? రాజీ పడాలనుకుంటే కంపెనీని కూడా పిలిపించి లోక్ అదాలత్‌లో రాయించండి. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఈలోగా ఆయన ఆసుపత్రి బిల్లులు మీరే నేరుగా కట్టి రసీదులు దాచండి. ‘బండి నేను నడిపానని చెప్తా’ లాంటి ఆలోచనలుంటే మానుకోండి. 2024 మే నెలలో పుణెలో ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన పోర్షే కేసులో నేరం డ్రైవరు మీదకు నెట్టాలని చూశారన్న ఆరోపణపై బాలుడి తండ్రినే కాదు, తాతనూ అరెస్టు చేశారు. ఇల్లు బావమరిది పేరు మీదకు మార్చమనే సలహాదారులూ తగులుతారు. అలా మార్చినా కోర్టు తిరగదోడగలదు.

బిల్లులకు డబ్బు కావాలంటే బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టండి, ఎల్ఐసీ పాలసీ ఉంటే దానిమీద లోను తీసుకోండి. రెండూ మూడు రూపాయల కంటే ఎంతో చవక.

ఇక నేను ప్రతి వారం నెత్తీ నోరూ కొట్టుకునే సంగతి. నెలకు మీ ఖర్చు ఈఎంఐతో కలిపి 50 వేలనుకున్నా ఆరు నెలలకు 3 లక్షలు చేతిలో ఉండాలి. ఉన్నది 40 వేలు. 3 లక్షలుండి ఉంటే వడ్డీ వ్యాపారి దాకా వెళ్లేవారే కాదు. ఈ గొడవ తేలాక నెలకు 8 వేల చొప్పున, ముట్టుకోని ఖాతాలో వేయండి. బీమా కట్టని నష్టాలకు అదొక్కటే దిక్కు. అన్నట్టు చిట్టీ ఇప్పుడే పాడకండి, మొదటి నెలల్లో కోత ఎక్కువ. లాయరు ఎంత అవసరమో చెప్పాక చూద్దాం.