రంగు మరక పోవాలి, అడుగున ఉన్నది మిగలాలి

ప్ర: అద్దె ఇంట్లో గోడలకు ఎమల్షన్ వేయిస్తుంటే హాల్లో కార్పెట్ మీద అరచేతంత మేర ఒలికింది. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఇంకా పాకింది. ఇప్పుడు ఎండి అట్టకట్టింది. థిన్నర్ పోస్తే పోతుందని పెయింట్ షాపులో చెప్పారు. పోయొచ్చా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జ: పోయకండి. మిషను మీద చేసిన చాలా కార్పెట్లలో పీచునూ అడుగు పొరనూ పట్టి ఉంచేది లేటెక్స్ జిగురే. థిన్నర్ కిందికి దిగితే అది మెత్తబడి పీచు ఊడుతుంది, కార్పెట్ అక్కడక్కడ పొక్కులు లేస్తుంది. మరక పోయినా కార్పెట్ మిగలదు.

ఎమల్షన్ నీళ్లలో కలిపే రంగు. తడిగా ఉన్నంతసేపు నీళ్లకే వదులుతుంది. నీరు ఆరిపోయాక అందులోని యాక్రిలిక్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని ప్లాస్టిక్ పొరలా తయారవుతాయి. ఆ పొర ఇక నీళ్లలో కరగదు, మెత్తబడుతుంది అంతే. మనకు ఆ మాత్రం చాలు.

ముందు సోఫా కిందికి వెళ్లే మూలలో పరీక్ష చేయండి. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తెల్లగుడ్డకు అంటించి ఐదు నిమిషాలు అదిమి ఉంచండి. కార్పెట్ రంగు గుడ్డకు దిగితే ఆల్కహాల్ సంగతి మరిచిపోయి సబ్బునీళ్లతోనే సరిపెట్టుకోండి.

పైన అట్టకట్టినదాన్ని స్పూను అంచుతో పొడిగానే గీకి, పెళ్లలను వ్యాక్యూమ్‌తో తీసేయండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డ తడిపి పిండి, మరక మీద పది నిమిషాలు పరచండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో పీచు వాలిన వైపే, అంచు నుంచి మధ్యకు దువ్వినట్టు లాగండి. మధ్య నుంచి బయటికి రుద్దితే రంగు కొత్త పీచుకు ఎక్కుతుంది. మీ మరక పాకింది అందుకే. వదిలిన రంగును పొడి తెల్లగుడ్డతో అద్ది తీయండి, రుద్దొద్దు. గుడ్డ మడత మార్చుకుంటూ ఉండాలి, లేకపోతే తీసిన రంగునే మళ్లీ పూసినట్టవుతుంది. ఇంకా మొండికేస్తే ఆల్కహాల్‌ను గుడ్డకే అంటించి అద్దండి, కార్పెట్ మీద ఒంపకండి. ఒక్క పూటలో వదలకపోవచ్చు. తొందరపడి బలం చూపిస్తే పీచు తెగుతుంది.

చివర్లో మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ అద్ది సబ్బు పూర్తిగా తీసేయండి. ఇది చాలామంది వదిలేసే పని. మిగిలిన సబ్బు జిడ్డుకు దుమ్ము అంటుకుని, రంగు మరక ఉన్న చోటే కొన్నాళ్లకు నల్లమరక తేలుతుంది. బోరు నీళ్లు ఆరాక తెల్లటి పొర మిగులుస్తాయి కాబట్టి ఈ ఒక్క విడతకు కుళాయిలో వచ్చే కావేరి నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. పైన మందపాటి టవల్ పరిచి బరువు పెట్టి తడి పీల్పించి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. అడుగున జనపనార ఉండి, తడి ఎక్కువైతే గోధుమరంగు చార పైకి తేలుతుంది.

ఉన్ని కార్పెట్‌కు బ్లీచ్, అమోనియా తగలనివ్వకండి. సిల్కు, విస్కోస్ (సిల్కులా మెరిసే కృత్రిమ పీచు) రకాలైతే ఇంట్లో ప్రయోగాలు వద్దు, తెలిసిన క్లీనింగ్ వాళ్లకు ఇచ్చేయండి.

ప్ర: మాది బసవనగుడిలో పాత ఇల్లు. కిటికీ గ్రిల్‌కు ఎనామిల్ వేస్తే ఎర్ర ఆక్సైడ్ గచ్చు మీద చుక్కలు పడ్డాయి. నెల దాటింది. బాత్రూమ్ యాసిడ్‌తో పోతుందా?

జ: చుక్క పోదు, గచ్చు పోతుంది. ఆ నేల సిమెంటు, ఐరన్ ఆక్సైడ్ కలిపి నునుపు చేసినది. యాసిడ్ సిమెంటును తినేసి వెలిసిన గుంటలు మిగులుస్తుంది. పాలరాయి, మొజాయిక్ నేలలకూ ఇదే మాట. నిమ్మకాయ, వెనిగర్ కూడా పాలరాయి మెరుపును చంపేస్తాయి.

ఎనామిల్ నూనె రంగు. గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. పడిన గంటల్లో టర్పెంటైన్‌కు లొంగేది నెలయ్యాక దానికొక్కదానికే లొంగదు. హెయిర్ డ్రయర్‌ను జానెడు దూరంలో పెట్టి చుక్క మెత్తబడేదాకా వేడి చేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక పక్క నుంచి లేపండి. బ్లేడు, స్టీలు పీచు గచ్చు మీద గీతలు పెడతాయి. మిగిలిన జాడను టర్పెంటైన్ అద్దిన గుడ్డతో ఆ చుక్క మేరకే రుద్దండి, అదీ డ్రయర్ తీసి పక్కన పెట్టాకే. నేల మీది మైనం కూడా కొంత లేచి అక్కడ మెరుపు తగ్గుతుంది. కంగారొద్దు, ఆరాక పల్చగా ఫ్లోర్ వ్యాక్స్ పట్టించి పొడిగుడ్డతో మెరుగు పెడితే కలిసిపోతుంది.

గ్రిల్ మీది పాత పొరలు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం (లెడ్ అనే విషలోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌ను పొడి గరుకు కాగితంతో రుద్ది ఆ ధూళి ఇల్లంతా చేయకండి. తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

విట్రిఫైడ్ టైల్స్ ఉన్నవాళ్లకు ఇంత బాధ లేదు. సబ్బునీళ్లతో తడిపి, కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి నెడితే చుక్క లేస్తుంది. టైల్స్ మధ్య సందుల్లోకి దిగిన రంగే కష్టం.

ప్ర: ఇల్లు ఖాళీ చేస్తున్నాం. స్విచ్చులు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, టేకు బీరువా మీద ఎమల్షన్ చారలున్నాయి. గోళ్ల రంగు తీసే రిమూవర్ రాస్తే ఒక స్విచ్చు తెల్లబడి జిగటగా అయింది.
- వైట్‌ఫీల్డ్

జ: ఆ స్విచ్చు ఇక బాగవదు, మార్పించేయండి. రిమూవర్‌లోని అసిటోన్ స్విచ్చులు చేసే పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌ను, యూపీవీసీని మెత్తబరిచి పాడుచేస్తుంది. పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం బెంగళూరులో ఎలాగూ మామూలే, దానికి కిటికీల ఖర్చు తోడవనివ్వకండి. మెయిన్ ఆఫ్ చేసి, బాగా పిండిన సబ్బుగుడ్డతో స్విచ్చుల మీది రంగును మెత్తబరిచి గోటితోనో పుల్లతోనో తీయండి. కిటికీ ఫ్రేములకు తడిగుడ్డ పావుగంట చుట్టి ఉంచితే చారలు ముక్కలుగా లేస్తాయి.

బీరువాకు లక్కతో చేసిన పాత పాలిష్ ఉంటే ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. తలుపు లోపలి వైపు ఒక్క చుక్క వేసి చూడండి. జిగటబడితే లక్కే. అప్పుడు పిండిన తడిగుడ్డ, గోరు తప్ప మరేమీ వాడకండి.

ప్ర: మిగిలిన టర్పెంటైన్ ఎక్కడ దాచాలి?

జ: కొన్న డబ్బాలోనే, మూత బిగించి, పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా. నీళ్ల సీసాలో పోస్తే పిల్లలు తాగే ప్రమాదం ఉంది. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎనామిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విప్పి పరిచి, బిరుసుగా ఎండాక పారేయండి.